పడక కుర్చీలో నా ఊరేగింపు

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. పంతొమ్మిది వందల నలభైల నాటి ఆ రోజుల్లో నా సంగతి మరీను. సిద్దిపేటలో పల్లె చేతిపనుల దఫ్తర్‌లో గుమాస్తాగా చేరి రెండు నెలలన్నా కాలేదు, మేదరివాళ్లు ఏ సరుకు చేస్తే బాగుపడతారో తేల్చే పని నా నెత్తిన పడింది. ఊళ్లు తనిఖీ చేస్తూ దౌరాకు వచ్చే పెద్దసారు ఒప్పుకున్న వస్తువులకే ఆ సంవత్సరం అడవి నుంచి వెదురు ఇప్పిస్తారు. ఆయన కాదంటే వాళ్లకు పని ఉండదు, నాకు కొలువు ఉండదు. (ఈ రెండింట్లో నాకు నిద్ర పట్టనివ్వనిది రెండోదేనని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.)

మేదరివాడకు పెద్దదిక్కు ఒక అవ్వ. "చేటలు, గంపలు రాసుకో బిడ్డా, గవే నడుస్తయి," అంది. చేటలూ గంపలూ చూపిస్తే ఇక నా తెలివి పెద్దసారుకు ఎట్లా కనబడుతుంది? పట్నంలో ఎవరి వరండాలోనో చూసిన పడక కుర్చీ నా బుర్రలో తిరుగుతోంది. కాళ్లు చాపి పడుకునేంత పొడుగు, మోయడానికి రెండు పక్కలా బొంగులు. ఎండిన వెదురు కోసం ఆగే తీరిక లేక పచ్చి బొంగులతోనే కట్టించాను. అవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "గిదేంది సారూ, గిట్లుంది?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మెచ్చుకుంటోందనుకున్నాను.

పెద్దసారు వచ్చిన రోజు, కుర్చీ ఎంత గట్టిదో చూపాలని నేనే అందులో పడుకుని, నలుగురు మేదరి అన్నల భుజాల మీద బజారు చివరి బంగళాకు బయల్దేరాను. ఎండ మండిపోతోందని ముఖం మీద తెల్ల తువ్వాలు కప్పుకున్నాను. బజారులోకి రాగానే గోలంతా సద్దుమణిగింది. ఆహా, నోరెళ్లబెట్టి చూస్తున్నారనుకున్నాను! తువ్వాలు కాస్త జరిపి చూస్తే బట్టల దుకాణం సేటు లేచి నిలబడి దండం పెడుతున్నాడు. ఎవరో ఆడమనిషి, "అయ్యో, లేత పానం! ఎవ్వలి కొడుకో!" అని ఏడుపందుకుంది. ఈ ఏడుపెందుకో తేల్చుకునేలోపే బంగళా వచ్చింది. పెద్దసారు టోపీ తీసి, తలవంచి గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఎవరయ్యా, పాపం?"

ముందు మోస్తున్నవాడు ఉన్నమాటే చెప్పాడు. "మీ దఫ్తర్ సారే, సారూ."

అప్పుడు వెలిగింది నాకు. పచ్చి బొంగులు, నలుగురు మనుషులు, ముఖం మీద తెల్లగుడ్డ. పాడెకు ఇంకేం తక్కువ? "నేను సావలేదు సారూ!" అంటూ దిగ్గున లేచి కూర్చున్నాను. వెనకాల వచ్చిన జనం పరుగో పరుగు. మోసేవాళ్లు నవ్వాపుకోలేక కుర్చీ వదిలేశారు. నేను వెళ్లి పెద్దసారు బూట్ల దగ్గర పడ్డాను.

"గిదా నువ్వు ఏరిన సరుకు?" అన్నాడాయన. కొలువు పోయిందనే అనుకున్నాను. అంతలో అవ్వ వచ్చింది. "కొమురవెల్లి జాతరకు పొయ్యేటోళ్లకు గంప గావాలె, చింతమడక రైతుకు చేట గావాలె. పగటిపూట పండుకునే కుర్చీ మా ఊళ్లల్ల ఎవ్వలికి గావాలె సారూ?" అని, నన్ను చూసి మెత్తబడింది. "గీ పిలగాణ్ని ఏమనకుండ్రి. గిప్పటి సంది అడిగి రాసుకుంటడు."

పెద్దసారు నవ్వి, చేటలూ గంపలూ అని రాసుకున్నాడు. నా కొలువు నిలబడింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఏ ఊరికి వెళ్లినా ముందు అడిగాను, తర్వాతే రాశాను. మంచి గుమాస్తానన్న పేరూ వచ్చింది. అయినా అప్పుడప్పుడూ ఆ కుర్చీలో దొరలా పడుకుని, ఊరంతా తనను మెచ్చుకుంటోందని మురిసిపోయిన ఆ కుర్రాణ్ని తలుచుకుని నవ్వుకుంటాను. ఎన్ని తెలుసుకున్నా, అంత ధీమా మాత్రం నాకు మళ్లీ రాలేదు.