ఎంగిలి దూది

పోయిన ఆదివారం ఆరాధన ముగిసి, చాపలు చుట్టేసి, జనం మెట్లమీద చెప్పులు వెతుక్కుంటూ ఉండగా సువర్ణ నా పక్కకొచ్చి నిలబడింది. తాడేపల్లిగూడెం నుంచి ఈ మధ్యే మా ఊరికి కోడలిగా వచ్చిన పిల్ల. చెంగు కింద ఏదో దాచిపెట్టుకుంది గానీ, అదేమిటో తను చెప్పేలోపే వాసన చెప్పేసింది. గానుగలో అప్పుడే ఆడించిన కొబ్బరినూనె.

"క్రిస్మస్ వస్తోంది కదా ఆంటీ, ప్రభువు బొమ్మకి కాస్త రాద్దామని తెచ్చానండీ. మా అత్తగారి అత్తగారు అలాగే రాసేవారంట," అంది.

కొబ్బరినూనె వాసన అందరికీ తలంట్లూ జడలూ గుర్తు చేస్తుందేమో, నాకు మాత్రం చీకటి గుర్తు చేస్తుంది. ఒక బొమ్మని ఊరంతా కలిసి ప్రేమకొద్దీ చీకటి చేసిన సంగతీ, అందులోంచి దాన్ని బయటికి లాగడానికి మా మామ్మ పట్టిన పట్టూ గుర్తుకొస్తాయి.

మాది కొల్లేటి లంకల్లో ఒకటి. నా చిన్నతనంలో వానాకాలం వచ్చిందంటే నీళ్ళు అరుగుల కిందికొచ్చి కూర్చునేవి. ఆకివీడు వెళ్ళి ఉప్పూ కిరసనాయిలూ తెచ్చుకోవాలన్నా తాటిదోనె ఎక్కాల్సిందే. బడి అవతలి గట్టున ఉండేది కాబట్టి నాకు బడి లేదు. అమ్మా నాన్నా ఊడ్పులకీ కోతలకీ ఉంగుటూరు వైపు వెళ్ళిపోతే నన్ను సాకిందీ, చదువు చెప్పిందీ నాన్నని కన్న రాహేలమ్మే, మా మామ్మ. చేటలో వరిపిండి పరిచి నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించేది, కీర్తనల పుస్తకంలో ఒక్కో మాట కిందా చీపురుపుల్ల పెట్టి చదివించేది, చదువయ్యాక ఆ పిండితోనే రొట్టె కాల్చి పెట్టేది. అందుకే ఇప్పటికీ 'అ' రాస్తే నాకు కొంచెం ఆకలేస్తుంది. దేవుడు నాకు బడినివ్వలేదని ఎన్నడూ అనుకోలేదు, మామ్మనిచ్చాడు.

డిసెంబరు వచ్చేసరికి నీళ్ళు తీసేవి. తెల్లారి మంచు విడుతుంటే కిక్కిస పొదల వెనకనుంచి గూడబాతులు బరువుగా లేచేవి. ఇళ్ళల్లో అరిసెల పాకం వాసనా, జంతికల గొట్టం కిర్రుమనే చప్పుడూ, మట్టిదాకలో ఉడికే కొరమీను పులుసూ, వెదురుబద్దల నక్షత్రానికి రంగుకాగితాలు అతికించడానికి కాచిన మైదాబంక వాసనా అన్నీ కలిసిపోయి, ఏది తినేదో ఏది అతికించేదో తెలియక మేం పిల్లలం బంక కూడా వేలితో నాకి చూసేవాళ్ళం. గుడికి సున్నం వేసి, గచ్చు కడిగి, అన్నీ అయ్యాక ఆఖరి పనిగా ఆడవాళ్ళు తలో గరిటెడు కొబ్బరినూనె తెచ్చి బొమ్మకి రాసేవారు.

ఆ బొమ్మ, మిషను కాలంలో కట్టిన మా పెంకుల గుడిలో, వాక్యం చెప్పే బల్ల వెనక గోడకి వేలాడే, గుడ్డమీద రంగులతో వేసిన పెద్ద బొమ్మ. నాటకాలకి తెరలు రాసే ఏలూరాయన ఒకాయన వరదకి మా లంకలో చిక్కుకుపోతే, నీళ్ళు తీసేదాకా ఊరు తిండి పెట్టిందట. ఆ కృతజ్ఞతకి వేసిచ్చాడట. ప్రభువు నీళ్ళమీద నడిచి రావడం, నమ్మకం సడలి పేతురు మునిగిపోవడం. గలిలయ సముద్రం ఆయనేం చూశాడు గనక, కొల్లేరే వేశాడు, తాటిదోనెతో, కిక్కిసతో, ఓ మూల గూడబాతుతో సహా. ఇదంతా మామ్మకి వాళ్ళ అత్తగారు చెప్పింది. మామ్మ కాపరానికి వచ్చేసరికే బొమ్మ సగం నల్లబడిపోయింది. నాకు తెలిసిన బొమ్మయితే నల్లటి గుడ్డ, అందులో ఇంకాస్త నల్లటి మనిషి, భుజం నుంచి మోచేతి దాకా కనబడే ఒక చెయ్యి, అంతే. ఆ చెయ్యి కిందికి చాచి ఉండేది. "నమ్మకం లేనివాణ్ణి వేలెత్తి చూపిస్తున్నాడు చూడండి," అని సండే స్కూల్లో పెద్దవాళ్ళు మమ్మల్ని భయపెట్టేవారు. నేను ఆ చేతికి ఎదురుగా కూర్చునేదాన్ని కాదు.

నూనె రాసిన రోజు బొమ్మ నిగనిగలాడేది. ఆ పూటకి రంగులు లేచివచ్చినట్టే ఉండేవి. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆ జిడ్డుమీద కొవ్వొత్తుల పొగా, కళ్ళాల దుమ్మూ పేరుకునేవి. మళ్ళీ క్రిస్మస్‌కి, అయ్యో నల్లబడిందే అని ఇంకాస్త నూనె. ఎవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు. బొమ్మని పాడుచేసింది అశ్రద్ధ కాదు, శ్రద్ధే.

ఓ ఏడు క్రిస్మస్ నెల మొదట్లో సంఘపెద్ద ఇస్సాకుగారు ఆరాధన అయ్యాక లేచి, ఏలూరు నుంచి పెద్దలొస్తున్నారు, ఈ బొగ్గుగుడ్డ చూపించుకోలేం, ఆకివీడులో బోర్డులు రాసే ఆర్టిస్టుని పిలిచి దీనిమీదే కొత్తగా వేయించేద్దాం అన్నారు. అందరూ తలలూపారు. ఆడవాళ్ళ వైపు నుంచి మామ్మ లేచింది.

"ఇస్సాకుగారూ, పండగ ముందు శనివారం దాకా నాకొదిలెయ్యండి. ఆ లోపు మొహం కనబడకపోతే మీ ఇష్టమండీ."

"బొగ్గుని పాలతో కడిగినా తెల్లబడదంటారు కదండీ రాహేలమ్మగారూ!"

"బొగ్గు లోపల కూడా నలుపేనండీ. ఇది అలా కాదుగా."

అందరూ నవ్వారు గానీ గడువు ఇచ్చారు.

మామ్మకి ఈ పని ఏమీ రాదు. ముందు మంచినీళ్ళతో తుడిచింది, జిడ్డు కదల్లేదు. కుంకుడు రసంతో అంచున గీసి చూస్తే మురికితోపాటు రంగు కూడా లేచింది. చెయ్యి వెనక్కి తీసుకుని, గచ్చుమీద కూర్చుని చాలాసేపు ప్రార్థన చేసుకుంది. నేను పక్కన పొయ్యిమసి మొహంతో కూర్చున్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, అలవాటుగా చెంగు కొస నోట్లో తడుపుకుని నా బుగ్గ తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. చెంగుకేసి చూసింది, బొమ్మకేసి చూసింది.

ఆవేళ్టినుంచి చీపురుపుల్లకి దూది చుట్టి, ఉమ్మితో తడిపి, గోరంత మేర చొప్పున తుడవడం మొదలుపెట్టాం. ఉమ్మి ఎర్రగా ఉంటే పనికిరాదని మామ్మ వక్క మానేసింది. పాస్టరుగారు ఎన్నేళ్ళు చెప్పినా మాననిది, ఆ నెలకి పళ్ళు నూరుకుంటూ మానేసింది. ముసలి నోట్లో తడి చాలక నన్ను కూడా పనిలో పెట్టింది. నోరు ఊరడానికి ఉసిరికాయలు పెట్టేది. అంత హాయైన ఉద్యోగం నాకు మళ్ళీ దొరకలేదు.

మూడోనాడో నాలుగోనాడో ఇస్సాకుగారు గుమ్మంలోకొచ్చి కొయ్యబారిపోయారు.

"అమ్మమ్మమ్మ! ప్రభువు మొహమ్మీద ఉమ్ముతున్నారా? సిలువ వేసిన రోజు సైనికులు చేసిన పనేనా అండీ ఇది?"

"దూదిమీద ఉమ్ముతున్నానండీ. పుట్టుగుడ్డివాడి కళ్ళకి ఆయన ఉమ్మి కలిపిన మట్టే కదా రాశాడు."

"ఆయన ఉమ్మితే స్వస్థత. మనం ఉమ్మితే ఎంగిలండీ!"

మామ్మ దూది పారేసి కొత్తది చుట్టుకుంది. "చంటిబిడ్డ మొహం తుడిచేటప్పుడు ఎంగిలని ఎవరైనా అనుకుంటారా అండీ? ఇది క్రిస్మస్ నెల. ఈ నెలంతా ఆయన చంటిబిడ్డే."

ఇస్సాకుగారు ఒప్పుకోలేదు. గచ్చుమీద కూర్చుని చాలాసేపు చూసి వెళ్ళిపోయారు. మర్నాడు ఆకివీడు నుంచి దూదికట్ట ఒకటి పంపించారు.

ముందు నుదురు వచ్చింది, తర్వాత కళ్ళు. పైరు పచ్చబడ్డప్పుడు చూసే మనిషి కళ్ళలా ఉన్నాయి. మామ్మ ఆనందం పట్టలేక, పనిలో పనిగా పైమూల గూడబాతుని కూడా బయటికి తెద్దామని దూది ఆనించింది. మొహం మీద జిడ్డు మాత్రమే వచ్చిన ఆ ఉమ్మికే, ఇక్కడ పిట్ట వచ్చేసింది. తెల్లగా, మెత్తగా, దూదికి అంటుకుని మొత్తం వచ్చేసింది. అక్కడ ఉత్త గుడ్డ మిగిలింది.

మామ్మ ఆ దూదిని అరచేతిలో పెట్టుకునే ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం అన్నం తినలేదు. మానేస్తుందనుకున్నాను. తెల్లారేసరికి చెంగు బిగించి మళ్ళీ గుళ్ళో ఉంది. "ఒకచోట వచ్చిన పని అంతటా వస్తుందనుకున్నాను బుజ్జీ, అదీ నా తప్పు. ఇకనుంచి ఏ రంగుకి ఆ రంగుని అడిగి చూసి గానీ ముట్టుకోవద్దు," అంది. అడగడమంటే, ప్రతి రంగుకీ ఓ అంచున ఆవగింజంత మేర తుడిచి, దూదికి రంగు అంటుతోందేమో చూడడం. అంటితే అక్కడ ఆగిపోవడం. అందువల్ల ఆకాశం ఇప్పటికీ మురికిగానే ఉంది.

ఆఖరికి ఆ చేతి దగ్గరికొచ్చాం. నాకు భయమని తెలిసి మామ్మ నన్నే ముందు కూర్చోబెట్టింది. ముంజేయి వచ్చింది, మణికట్టు వచ్చింది. వేలు చూపించే చోట వేలు లేదు. ఆ వేళ్ళన్నీ మడిచి ఉన్నాయి, వాటి మధ్య ఇంకో మణికట్టు ఉంది. పేతురుది. కొల్లేటి పల్లెకారు మణికట్టులా వలతాడు చారలతో సహా. ప్రభువు గద్దించడం లేదు. ఎప్పుడో పట్టుకున్నాడు, పట్టుకునే ఉన్నాడు. ఇన్నేళ్ళూ మా నూనె కిందే పట్టుకుని ఉన్నాడు.

"ఒలమ్మో," అని మామ్మ మెల్లగా కూర్చుండిపోయింది.

శనివారం ఇస్సాకుగారు ఆర్టిస్టుని రంగుడబ్బాలతో సహా తీసుకొచ్చారు. ఆ కుర్రాడు చేతి ముందు నిలబడి, డబ్బాలు కింద పెట్టేశాడు. "దీనిమీద నేను వెయ్యలేనండీ," అన్నాడు. తర్వాత పిట్ట సంగతి విని, పైమూల చూపించి, "ఆ ఖాళీలో మాత్రం ఓ పిట్టని వేసిస్తానండీ మామ్మగారూ, క్షణంలో పని," అన్నాడు.

"ఆ పిట్ట ఎటు చూసేదో నీకు తెలుసా బాబూ?"

"తెలీదండీ."

"నాకూ తెలీదు. నేను పోగొట్టింది పోయినట్టే కనబడనీ."

ఇస్సాకుగారు గొంతు సవరించుకుని, "ఎలాగూ వచ్చాడు కదా, గుడి పేరు బోర్డు రాయిద్దామండీ," అన్నారు. అబ్బాయి బోర్డు రాసి, అరిసెలు తిని, మూటకట్టించుకుని మరీ వెళ్ళాడు. పండగ ముందు ఆడవాళ్ళు అలవాటుగా నూనెగిన్నెలతో వస్తే మామ్మ గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కరి దగ్గరా ఆ నూనె తీసుకుని నా నెత్తిన పోసింది. "ఆయనకి చేరిందమ్మా, వెళ్ళండి," అనేది. ఆ క్రిస్మస్‌కి నా కొత్తగౌను వీపంతా నూనె మరకే.

నేను పెద్దయ్యాక, పాత బొమ్మలు బాగుచేయడం చదువుకున్న ఒకావిడ ఏలూరు నుంచి వచ్చి మా బొమ్మ చూశారు. వాళ్ళు కూడా ఉమ్మి వాడతారని ఆవిడ చెబితే మామ్మ లేదే అని ఏడుపొచ్చింది. ఉసిరికాయల సంగతి విని మాత్రం తల పట్టుకున్నారు. పులుపు రంగుని తింటుందట. మొహానికి నూనెరంగు వాడాడు, పిట్టకి తెరలకి వేసే బంకరంగు వాడాడు, తడి తగిలితే కరిగేది అదేనన్నారు. పిట్టని మళ్ళీ వేయించనందుకు నా రెండు చేతులూ పట్టుకుని మెచ్చుకున్నారు. వెనక గాలి ఆడనివ్వమని, ఎండ పడనివ్వద్దని, తెలియనప్పుడు ఊరుకోవడమే సగం వైద్యమని చెప్పి వెళ్ళారు. ఆవిడ నేర్పింది ఒక్కటీ మరిచిపోలేదు.

ఇప్పుడు పెంకుల గుడి లేదు, స్లాబు వేశాం. తాటిదోనెలు లేవు, గుడి వాకిట్లోకి ఆటో వస్తుంది. కిక్కిస ఉన్న చోట చేపల చెరువులు, వాటి గట్లమీద లారీలు. వరిపిండి మీద అక్షరాలు దిద్దే పిల్లలూ లేరు. బొమ్మ ఉంది. కానీ ఆ చెయ్యి బయటపడ్డ నాటినుంచి ఊరికి కొత్త అలవాటొకటి వచ్చింది. పరీక్షకి వెళ్ళేవాళ్ళూ, చెరువులో చేపపిల్ల వదిలేవాళ్ళూ, పెళ్ళిపీటల నుంచి లేచినవాళ్ళూ, అందరూ వెళ్ళి ఆ చేతిని తాకుతారు. చీకట్లో ఉన్నన్నాళ్ళూ అరగని చెయ్యి ఇప్పుడు అరుగుతోంది. వేళ్ళ కణుపుల దగ్గర గుడ్డ పోగులు కనబడుతున్నాయి. ఇలాగే సాగితే నేనుండగానే ఆ పట్టు పోతుంది. అందుకే ప్రతి ఆదివారం బొమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. బొమ్మకి పోలీసమ్మ అని నాకు పేరు పెట్టారు. పెట్టనీ. మామ్మ వక్క మానింది, నేను ఈ మాట పడలేనా?

సువర్ణని నా కుర్చీలో కూర్చోబెట్టి, సీసా మూత తీసి, ఆ నూనె కాస్తా తన నెత్తిన పోసి మర్దనా చేశాను. "ఆయనకి చేరిందమ్మా," అన్నాను. పిల్ల ముందు తెల్లబోయి, తర్వాత కిసుక్కున నవ్వింది. బొమ్మ కథంతా చెప్పాను. విని లేచి, కళ్ళనీళ్ళతో, "ఒక్కసారి ముట్టుకుంటానండీ," అంటూ చెయ్యి చాచేసింది.

గభాలున నూనె చేత్తోనే మణికట్టు దొరకబుచ్చుకున్నాను. సువర్ణ నా చేతికేసి చూసింది, తల తిప్పి బొమ్మకేసి చూసింది. లాక్కోలేదు. నేనూ వదల్లేదు.