అత్తగారు మార్చిన పొద్దుతిరుగుడు పువ్వులు

మొన్న మా మనవరాలు నన్ను ఒక ప్రదర్శనకి డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది. పెద్ద చీకటి హాలు, అందులో గోడల మీదా నేల మీదా చివరికి నా చీర కుచ్చిళ్ళ మీదా కూడా, చెవి కోసుకున్నాడని లోకమంతా చెప్పుకునే ఆ డచ్చి చిత్రకారుడి పువ్వులు దీపాల వెలుగులో విచ్చుకుంటూ, ఊగుతూ, మళ్ళీ విచ్చుకుంటూ ఉన్నాయి. మనవరాలు ఫొటోలు తీసుకుంటూ మురిసిపోయింది గానీ, నాకు మాత్రం ఎక్కడో ఏదో వెలితిగా అనిపించింది. కాసేపటికి గాని తెలియలేదు, అన్ని పువ్వుల్లోనూ వాడినది ఒక్కటీ లేదని. అది తట్టేసరికి మా అత్తగారు గుర్తొచ్చి, ఆ చీకట్లో నాలో నేనే నవ్వుకున్నాను.

ఎనభైల మొదట్లో మాట. మేము న్యూజెర్సీలో ఐసెలిన్‌లో ఉండేవాళ్ళం. ఇప్పుడు మీరు చూసే చీరల కొట్లూ నగల కొట్లూ అప్పుడెక్కడివి, కరివేపాకు దొరికితే ఆ వారం పండగే. మా ఆయన కార్ తీసుకుని ఆఫీస్‌కి వెళ్ళిపోతే నాకు నాలుగు గోడలే గతి. పక్కింటి అమెరికన్ ముసలావిడ నా మీద జాలిపడి, నెలల పసివాణ్ణి మా అత్తగారి దగ్గర వదిలి రమ్మని, తనతో పాటు లైబ్రరీలో జరిగే బొమ్మల క్లాసుకి తీసుకెళ్ళేది. వారం మొత్తానికి నేను ఇల్లు కదిలేది ఆ ఒక్కరోజే. ఆ క్లాసు వేసవితో అయిపోతుంది, చలికాలం క్లాసుకి టీచరమ్మ కొందరినే చేర్చుకుంటుంది, అదీ ఒక్క బొమ్మ చూసి. అందులో చోటు దొరక్కపోతే మంచు కరిగేదాకా నేను పిచ్చెక్కిపోవడం ఖాయమని నాకు తెలుసు.

ఆవిడ పెట్టిన పరీక్ష విచిత్రమైనది. ఆ డచ్చి చిత్రకారుడిలా పొద్దుతిరుగుడు పువ్వులు కూజాలో పెట్టుకుని, అవి పూర్తిగా ముసలివయ్యేదాకా వాటి ముందు కూర్చుని వెయ్యాలట. తాజా పువ్వుని ఎవరైనా వేస్తారు, వాడిపోతున్న పువ్వుని ఓపిగ్గా చూసేవాళ్ళే కావాలందావిడ. పక్కింటావిడ కంచె పొడుగునా అవే పువ్వులు. ఒక గుత్తి కోసి ఇచ్చింది. డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, పసివాడు నిద్రపోయిన మధ్యాహ్నాలు వెయ్యడం మొదలుపెట్టాను.

రెండు వారాలు గడిచినా పువ్వులు చెక్కు చెదరలేదు! ఈ దేశంలో నీళ్ళలోనే ఏదో మహత్యం ఉందనుకున్నాను. పైగా నిన్న కిటికీ వైపు వంగిన పువ్వు ఇవాళ వంటింటి వైపు తిరిగి ఉండేది. పొద్దు తిరుగుతుంది కదా, కోసినా బుద్ధి పోనిచ్చుకోలేదు కాబోలని ముచ్చటపడి, రోజూ చెరిపి మళ్ళీ వేసేదాన్ని. ఎంత అమాయకురాలినో చూడండి.

బొమ్మ చూసిన టీచరమ్మ మొహం ముడుచుకుంది. నేను పువ్వుల వైపు చూడకుండా ఊహించి వేస్తున్నానని తేల్చేసి, ఇలా అయితే చలికాలం క్లాసు సంగతి మరిచిపొమ్మంది. తిరిగొస్తున్నప్పుడు కార్‌లో పక్కింటావిడ నన్ను ఊరడిస్తూ, మీ అత్తగారికి నా పువ్వులంటే ఎంత ఇష్టమో, రోజూ పొద్దున్నే కంచె దగ్గరికి వచ్చి వేలితో చూపించి కోయించుకుంటుంది, పిచ్చుకలకి గింజలు మిగలవేమో అని నవ్వింది.

నా పురిటికి మా అమ్మ రాలేకపోతే ఏలూరు నుంచి వచ్చారు మా అత్తగారు. ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. అలాంటి మనిషి నేను నిద్ర లేవకముందే కంచె దాకా వెళ్ళి, వాడిన పువ్వు తీసి పారేసి, కొత్తది తెచ్చి పెడుతున్నారు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి రాగానే అడిగేశాను. మా ఆయన పేపర్లో తల దూర్చేశారు. ఆవిడ మాత్రం ఏమాత్రం తడుముకోలేదు.

“పసిబిడ్డ ఉన్న ఇంట్లో వాడిన పువ్వు ఎలా ఉంచమంటావు అమ్మాయ్? దేవుడి మీద పువ్వులే తెల్లారేసరికి తీసేస్తాం కదా.”

మా ఇంట్లోనూ అమ్మ చేసేది అదే. ఆవిడకి మాటలతో చెప్పలేక, ఆ ఆదివారం పులిహోర కట్టుకుని, పసివాణ్ణి తీసుకుని అందరం ఫిలడెల్ఫియా వెళ్ళాం. అక్కడి పెద్ద మ్యూజియంలో ఆ చిత్రకారుడు వేసిన పొద్దుతిరుగుడు పువ్వులు ఉన్నాయి. నీలమో ఆకుపచ్చో తెలియని గోడ ముందు ఒక కూజా, అందులో కొన్ని విచ్చుకున్నవి, కొన్ని రేకులు రాలి ఉత్త గింజలు మిగిలినవి. చూశారా, ఎంత గొప్పాయనైనా వాడినవి తీసెయ్యలేదు అని నేను గెలిచినట్టే చెప్పాను.

మా అత్తగారు నా మాట విన్నట్టు లేదు. చీర కొంగు భుజం చుట్టూ లాక్కుని, చాలాసేపు ఆ కూజానే చూశారు.

“ఈయనకి పువ్వులు మార్చి పెట్టే మనిషే లేదా అమ్మాయ్?” అన్నారు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. కూజాలో పువ్వులు మారుస్తున్నారనే చూశాను గానీ, అది నా కోసమూ, పసివాడి కోసమూ అని ఒక్కసారీ అనుకోలేదు.

ఆ తర్వాత ఆవిడ కూజా జోలికి రాలేదు. ఉయ్యాలని మాత్రం పక్కగదిలోకి జరిపించి, టేబుల్ దగ్గరికి వస్తే మొహం అటు తిప్పుకుని నడిచేవారు. నేను కొత్త కాగితం తీసుకోలేదు. తాజా పువ్వులు వేసిన బొమ్మలోనే వాడినవీ వేశాను. పక్కపక్కన అలా ఎలా వచ్చాయని టీచరమ్మ అడిగితే నాకొచ్చిన ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చలికాలం క్లాసులో నా పేరు రాసుకుంది. మొదటి క్లాసు నాటికి మా అత్తగారు ఏలూరు వెళ్ళిపోయారు. ఆవిడ మళ్ళీ ఈ దేశం రాలేదు.

ఆ తర్వాత ఆ చిత్రకారుడి మీద లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. ఆ పసుపు రంగు గురించి, ఆయన జబ్బు గురించి, చనిపోయాక వచ్చిన పేరు గురించి పేజీలకి పేజీలు ఉన్నాయి. మా అత్తగారు అడిగినదానికి జవాబు మాత్రం ఎక్కడా కనబడలేదు, ఆ కూజాలో నీళ్ళు ఎవరు పోశారో ఏ పండితుడూ రాయలేదు.

ఇప్పుడు పువ్వులకేం కొదవ, పచారీ కొట్లోనే చలికాలంలోనూ బకెట్ల నిండా దొరుకుతాయి. పిల్లలు పుట్టినరోజుకి ఫోన్లో ఆర్డర్ చేస్తే గుమ్మంలోకి వచ్చి పడతాయి. మా ఆయన పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. పువ్వులు కూజాలో పెడతాను, అవి మెల్లగా తలలు వాలుస్తాయి, రేకులు టేబుల్ మీద రాలుతాయి. తీసెయ్యడానికి చెయ్యి రాదు. తెల్లవారి వంటింట్లోకి వెళ్తూ ముందు అటే చూస్తాను, ఎవరైనా మార్చి పెట్టారేమోనని.