ఖాళీకి గీత కొట్టిన మెంబరమ్మ

ఆ రోజు ఆమె సమావేశానికి వచ్చిందని నేను ఎవరికీ చెప్పలేదు. నా పక్క కుర్చీలోనే కూర్చున్న మనిషి.

మా కౌన్సిల్లో తీర్మానాల పుస్తకంలో అందరం ముందే సంతకాలు పెట్టేవాళ్లం. పైన ఏం రాయాలో తర్వాత ఛైర్మన్ చూసుకునేవాడు. వేప్పనపల్లి వైపు నుంచి గెలిచిన ఈ మెంబరమ్మ ఒక్కతే పైనున్న ఖాళీకి అడ్డంగా గీత కొట్టి, దాని కింద సంతకం చేసేది.

ఛైర్మన్ చెరువు కాలువను పూడ్చి మామిడికాయల మండీ కట్టాడని ఫిర్యాదు వచ్చింది. విచారణకు మాలోంచే ముగ్గురిని వేశారు. అందులో ఒకడు ఆయన బావమరిది.

"బావ తప్పు బామ్మర్ది పట్టిస్తాడా? రేపు పండగ విందుకు యాడికి పోతాడప్పా?" అందామె. అందరం నవ్వాం.

"సైన్ పెట్టమ్మా, నీ బస్సు పోతుంది" అన్నాడు ఛైర్మన్.

"పోనీప్పా, నడిచి పోతాను. దీనికి మాత్రం పెట్టను."

సంతకం లేదు కాబట్టి ఆమె రాలేదని రాశారు. అంతకుముందు జబ్బుచేసి రెండు సమావేశాలకు రాలేదు. దీంతో వరుసగా మూడయ్యాయని, రూలు ప్రకారం పదవి తీసేశారు. ఆ రోజు ఆమె వచ్చిందా అని విచారించడానికి వచ్చిన అధికారి నన్ను అడిగితే, ఛైర్మన్ నా వార్డు రోడ్డు ఆపేస్తాడని భయపడి, రాలేదనే చెప్పాను.

మొన్న కలెక్టరుకు నిజం రాసిచ్చి, ఆమె ఇంటికి పోయాను.

"ఏమప్పా, ఇప్పటికి దారి దొరికిందా?" అంది.

"ఆ పొద్దు నువ్వు వచ్చినావమ్మా. రాలేదని నేనే అబద్ధం చెప్పినాను. తప్పయింది, మన్నించు" అన్నాను.