పిడి మీద కాల్చిన ధర

బ్రష్షులావిడది పెద్ద నోరని వీధి వీధంతా అంటుంది. అననీండి. ఆ నోరే లేకపోతే వాళ్ళ వర్క్‌షాపు ఏనాడో మూతపడేది.

వాళ్ళు చేసేవి గోడలకు రంగులేసే బ్రష్షులు. కుచ్చులకు కావలసిన పంది వెంట్రుకలు విదేశం నుంచి వస్తాయి. ఆ డబ్బు సరుకు దిగిన రోజున డాలర్లలో కట్టాలి. ఇక్కడ మాత్రం మూడు నెలల ముందే, కొట్లవాళ్ళకు ఒప్పుకున్న ధరను ఎర్రగా కాల్చిన ఇనుప అచ్చుతో చెక్కపిడి మీద వేసేస్తారు. ఒకసారి కాల్చారా, ఇక మార్చేది లేదు. మామగారి కాలం నుంచీ అదే పద్ధతి, అదే పరువు.

రెండేళ్ళ క్రితం అలా ధర కాల్చేశాక డాలరు కొండెక్కి కూర్చుంది. పిడులు చిత్రిక పట్టి కొత్త ధర వేద్దామన్నాడు బావగారు, అంటే భర్త అన్నగారు, సగం వాటాదారు. ఆవిడ ససేమిరా అంది. మాట నిలబెట్టుకోవడానికి రెండు మిషన్లు అమ్మింది, ముగ్గురు పనివాళ్ళను ఏడుస్తూనే మానిపించింది. ఆ ముగ్గురి ముఖాలు ఇప్పటికీ మరిచిపోలేదు.

అందుకే ఈసారి పిడులు కాల్చిన రోజునే బ్యాంకుకు వెళ్ళింది. మూడు నెలల తర్వాత కొనబోయే డాలరుకు అప్పుడే ఒక రేటు ఖాయం చేసుకొచ్చింది. పెరిగినా అంతే, తగ్గినా అంతే.

తీరా సరుకు దిగేసరికి డాలరు తగ్గింది. ఖర్మ కాకపోతే ఏమిటి! ఆవిడ ఖాయం చేసుకున్న రేటే కట్టింది. ఇక బావగారు అందుకున్నాడు. ఊరికే కూర్చుని ఉంటే బోలెడు మిగిలేదని పొద్దస్తమానం సాధింపు. తాను బ్రష్షులు అమ్ముకునే మనిషినే గానీ డాలర్లతో జూదమాడే మనిషిని కాదని ఆవిడ ఎంత చెప్పినా చెవికెక్కలేదు. ఇంకోసారి బ్యాంకు గడప తొక్కితే తన వాటా లాగేసుకుంటాననీ, వర్క్‌షాపు అమ్ముకోవాల్సిందేననీ అందరి ముందూ తెగేసి చెప్పాడు. భర్త తల వంచుకుని జిగురు కలుపుతూనే ఉన్నాడు. ఆయనెప్పుడూ అంతే.

మిగిలిన ఎనిమిదిమంది పనివాళ్ళూ చేతులాపి వింటున్నారు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఒక తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి తెచ్చి బావగారి ముందు పెట్టింది.

"మీ మాట నేనెందుకు కాదనాలి బావగారూ? వచ్చే సరుకులో నా సగానికే రేటు ఖాయం చేసుకుంటాను. మీ సగం ఆ రోజు రేటుకే కొందాం. తగ్గితే మిగిలిందంతా మీదే, చిల్లిగవ్వ అడగను. పెరిగితే ఆ తేడా మీ జేబులోంచి కట్టండి. వీళ్ళ జీతాల జోలికి మాత్రం రావద్దు. సంతకం పెట్టండి."

ఆయన ధీమాగా పెన్ను తీశాడు. కాగితం చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"పెరగదులే. కానీ... ఒకవేళ పెరిగితే ఎలాగమ్మా?"

"రెండేళ్ళుగా నేను మిమ్మల్ని అడుగుతున్నది అదే కదా."

బావగారు పెన్నుకు మూత పెట్టేశాడు. సంతకం లేని ఆ కాగితాన్ని ఆయన ఎదుటే వదిలేసి, మొత్తం సరుకుకూ రేటు ఖాయం చేయడానికి ఆవిడ బ్యాంకుకు బయల్దేరింది.