పొట్టేలు తల ఏమన్నది

నా చిన్నప్పుడు ఒక పొట్టేలు తలకాయ కోసం మా నాయన తల తెగిపోయేదే. నేను కోతలు కోస్తానని బంగారుపాళ్యమంతా చెప్పుకుంటారు కాబట్టి ముందే చెబుతున్నాను. ఇందులో నేను కలిపింది కూరలో ఉప్పంతే.

మామిడికాయల సీజను ముగిసిన ఒక శనివారం మా వీధివాళ్లమంతా వ్యాను మాట్లాడుకుని బయలుదేరాం. నాగలాపురం వైపు కొండపల్లెలు చూసుకుంటూ పోయి, మర్నాడు తడ దగ్గర పడవెక్కి, పులికాట్ సరస్సులోని దీవిలో వండుకు తిని రావాలని మా ముచ్చట. వెనక సీటు కింద ఒక పొట్టేలు. దాన్ని కొన్నది మా మామ, అంటే అమ్మకు అన్న. మా వైపు విందులో పొట్టేలు తల ఎవరి విస్తట్లో పడితే ఆ విందుకు వాడే పెద్ద. డబ్బు పెట్టినవాణ్ణి, తల నాదే అని మామ. ఇంటల్లుడు ఉండగా ఇంకొకరు ముట్టడమేమిటని నాయన. పొట్టేలు మాత్రం, ఇంకా ఆ తల తనదే అన్నట్టు, వేపాకు నములుతూ ఇద్దరినీ చూసేది.

మొదటి పల్లెలో టీ తాగుతుంటే మామ అందరూ వినేట్టు అన్నాడు: "పెండ్లిలో మేం పెట్టిన కోడినే అరిగించుకోలేనోడికి పొట్టేలు తల కావాల్నంట!" నాయన వేడి టీ మామ మొహాన కొట్టాడు. తర్వాతి పల్లెలో మామ నాయనను చింతచెట్టుకేసి గుద్దితే రాలిన కాయలతో ఊరంతా ఏడాదిపాటు పులుసు కాచుకుందంటారు. ఆపై నాయన విసిరిన రాయి మామను తప్పి వ్యాను అద్దం పగలగొట్టింది. డ్రైవరు దిగి ఇద్దరికీ చెరొకటి పీకాడు. వీధంతా నవ్వింది. అమ్మ నవ్వలేదు. మొగుడి పక్కన కూర్చుంటే అన్నకు కోపం, అన్నకు నీళ్లిస్తే మొగుడికి కోపం. ఆమె నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గాజులు నా మణికట్టులో దిగాయి.

మర్నాడు దీవిలో పొట్టేలును కోసింది పక్కింటి సాయిబు. ఎవరి విందైనా ఆయనే కోసేవాడు, హలాలయితేనే వీధంతా ఒకే పంక్తిలో తినగలిగేది. ఆయన భార్యను అందరం బూబమ్మ అనేవాళ్లం. ఆమె తలను మంట మీద కాల్చి, గీకి, పళ్లెంలో పెట్టుకుని కూర్చుంది. నాయన వచ్చి ఒక కొమ్ము పట్టుకున్నాడు. మామ రెండోది పట్టుకున్నాడు.

ఆ తర్వాతిది తలుచుకుంటే నాకు అబద్ధాలు కూడా రావు. మామ గుద్దుకు నాయన ముందుపళ్లు ఇసుకలో రాలాయి. నాయన పడవ గెడతో మామ మోకాలి మీద కొడితే ఎండుకట్టె విరిగిన చప్పుడయింది. అడ్డం వెళ్లిన సాయిబు నుదురు చిట్లింది. మామ పాక్కుంటూ పోయి కోతకత్తి అందుకుని, మీద పడ్డ నాయన జుట్టు పట్టి వంచి, చెవి కింద ఆనించాడు. నెత్తురు తెల్లచొక్కా మీదికి జారింది. ఆ కత్తి ఇంకొంచెం దిగితే అమ్మకు మొగుడు కాటికీ అన్న జైలుకూ పోతారు. నేను పరుగెత్తి మామ కాలు కొరికాను. ఆయన తన్నిన తన్నుకు దొర్లి మంట పక్కన పడ్డాను.

బూబమ్మ లేవలేదు. పొట్టేలు తలను చెవి దగ్గర పెట్టుకుని, "ఆఁ... ఆఁ... అట్లనా!" అంది. మామ వైపు తిరిగి, "నీ పని నువ్వు సూసుకోప్పా. ఇది ఏందో సెప్తా ఉండాది, ఇంటా ఉండా."

కత్తి ఆగింది. "ఏం సెప్తా ఉండాది?"

"కార్వేటినగరంలో ఇట్లనే బావా బామ్మర్దులు తల కోసం కొట్టుకున్నారంట. ఒకడు ఇంకొకన్ని నరకబోతే, పళ్లెంలో ఉండే తల నోరు తెరిసి ఒక మాటన్నిందంట. ఆ మాట ఇని..." అని ఆపేసి, తలకంటిన మసి గీకసాగింది.

"ఏమన్నింది?" ఈసారి అడిగింది నాయన, కత్తి కింద మెడ పెట్టుకునే.

"పచ్చి నాలిక సగం మాటే పలుకుతాది. ఉడికించాల. ఆ కత్తి ఇట్లియ్యి, నాలిక కోస్తా."

మామ ఇచ్చేశాడు. ఇచ్చిన సంగతి ఇచ్చాక గానీ ఆయనకు తెలిసినట్టు లేదు. బూబమ్మ నాలుకను, తలలోని మాంసాన్ని సన్నగా తరిగి, ఉడికించి అందరి విస్తళ్లలోనూ వేసింది. కత్తి మాత్రం తొడ కింద పెట్టుకుంది. నాయన కొరకలేకపోతే మామే బూతులు తిడుతూ ముక్కను చీల్చి ఆయన నోట్లో పెట్టాడు.

ఆ మాటేమిటని పడవలో అడిగారు. ఇంటికి పోయినాక చెప్తానంది బూబమ్మ. ఇంట్లో అడిగితే రంజాన్‌కు అంది. నేను ఒంటరిగా అడిగినప్పుడు మాత్రం నా జడ అల్లుతూ, "నాకేం తెల్సు బేటీ? ఎత్తిన కత్తి కిందికి దిగేదాకా కత ఉంటే సాలు" అంది. చెప్పకుండానే పోయింది.

ఇప్పటికీ మామ కుంటుకుంటూ మా ఇంటికొస్తాడు. పొట్టేలు ఏమని ఉంటుందో నాయన ఒకటి చెబుతాడు, మామ అది కాదని ఇంకొకటి చెబుతాడు. వీధి చివరికి వినబడేట్టు తిట్టుకుంటారు. చెయ్యి మాత్రం లేవదు.

మొన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇద్దరు లారీ డ్రైవర్లు ఇనపరాడ్లు ఎత్తుకున్నారు. ఒకడి చెవిలోంచి అప్పటికే నెత్తురు కారుతోంది. నేను సంచి కింద పెట్టి, "మా మేక నిన్న నాతో ఒక మాటన్నింది" అని మొదలుపెట్టాను. రాడ్లు కిందికి దిగాయి. ముగింపు చెప్పలేదు. ఇద్దరూ ఇప్పటికీ ఫోన్లు చేస్తూనే ఉన్నారు.