పాదాలు చూసి ఇచ్చే కషాయం

ఆ బట్టల కొట్లో ఎవరు తుమ్మినా కషాయం పిన్ని ముందు చూసేది వాళ్ళ పాదాలు. నాలుక చాపమనదు, నాడి పట్టదు, నుదుటి మీద చెయ్యి వెయ్యదు. కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని ఓ క్షణం కాళ్ళ వంక చూసి, "రోగనిరోధక శక్తి తగ్గింది. రా, కషాయం తాగుదువుగాని" అంటుంది. దగ్గుకీ అదే మాట, తలనొప్పికీ అదే మాట. ఒకసారి టవళ్ళ సెక్షన్ బాబాయి గొడుగు పోగొట్టుకుని దిగాలుగా నిలబడితే, అప్పుడూ అదే మాట.

ఈ వైద్యం మొదలెట్టకముందు పిన్ని పంతొమ్మిదేళ్ళు పరదాల సెక్షన్లో నిలబడింది. అక్షరాలా నిలబడింది. షట్టరు లేచిన దగ్గర్నుంచి దిగేదాకా అమ్మేవాళ్ళెవరూ కూర్చోకూడదని ఆ కొట్టు నియమం. కొనేవాళ్ళకి మెత్తటి సోఫాలు, బట్టలు తొడిగిన బొమ్మలకి సైతం కాళ్ళకింద పీట, పనిచేసేవాళ్ళకి మాత్రం ఉత్త నేల. పిన్ని మోకాళ్ళు వాచి, పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలాక, వెనక గదిలో పరదాలకి అంచులు కుట్టే మిషన్ దగ్గరకి పంపేశారు. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. పనివాళ్ళు కూర్చోడానికి కొట్టు మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క స్టూలు ఆ మిషన్ ముందే ఉంది మరి! మర్నాడే ఓ పెద్ద ఫ్లాస్కుతో దిగింది.

ఆ కషాయానికి పథ్యం లేదుగానీ పద్ధతుంది. చెప్పులు విప్పాలి. కూర్చునే తాగాలి. ఇరవై ఒక్క గుక్కలు, గుక్కకీ గుక్కకీ మధ్య తీరిగ్గా ఊపిరి పీల్చి వదలాలి.

"నిలబడే తాగేస్తాను పిన్నీ, అవతల కస్టమర్లున్నారు" అంది ఒకరోజు దుప్పట్ల సెక్షన్ అమ్మాయి.

"నిలబడి తాగితే సరాసరి మోకాళ్ళలోకి దిగిపోతుంది. అక్కడ దానికేం పని? కూర్చో."

"జలుబు ముక్కుకి కదా, చెప్పులెందుకు విప్పడం?"

"ముక్కుకి దారి అట్నుంచే. నోరు మూసుకుని తాగు."

"నోరు మూసుకుంటే ఎలా తాగను?"

"అదీ నేనే చెప్పాలా?"

ఈ వైద్యశాలంటే ఫ్లోర్ మేనేజరుకి ఒళ్ళుమంట. ఎవరు కాస్త గోడకి ఆనినా, బల్లకి జారబడినా, చూపుడువేలు పైకెత్తి "నిటారుగా! నిటారుగా!" అంటూ తిరుగుతుంటాడు కాబట్టి అందరూ అతన్ని నిటారు సారు అంటారు. మండుటెండల్లో రోజుకి పధ్నాలుగు జలుబులు ఎలా వస్తున్నాయో అతనికి అంతుపట్టలేదు. వెళ్ళి పిన్నినే నిలదీశాడు.

"ఎండాకాలం జలుబు మొండిది బాబూ" అంది పిన్ని, సూదిలో దారం ఎక్కిస్తూ.

చివరికి సంగతి పై అంతస్తులో యజమాని దాకా పోయింది. ఆయన గుండ్రంగా తిరిగే మెత్తటి కుర్చీలో అటూ ఇటూ ఊగుతూ తీర్పు చెప్పాడు. "ఆ స్టూలు తీసెయ్. మిషన్ కింద ఎత్తు బల్ల వేయిస్తే ఆవిడా నిలబడే కుట్టుకుంటుంది. కషాయమంటావా, కౌంటరు పక్కన ఆకుల టీ మెషిన్ పెట్టిద్దాం. మనకి సిబ్బంది ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో పెద్ద బోర్డు రాయిద్దాం."

నిటారు సారు వెనక గదిలోకి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

"పిన్నిగారూ, ఆ స్టూలు..." అని, ఆపుకోలేక తుమ్మాడు.

పిన్ని కళ్ళజోడు జారింది. అద్దంలా మెరుస్తున్న బూట్ల వంక చూసింది. ఎడమ బూటు లేసు వదులుగా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి బాబూ?"

"నిన్నట్నుంచి. ముక్కు దిబ్బడ."

"ముక్కు కాదు. ఎడమ మడమ."

నిటారు సారు గతుక్కుమన్నాడు. ఎనిమిది నెలలుగా పొద్దున్నే మంచం దిగి ఆ కాలు నేల మీద మోపాలంటే ప్రాణాలు పోతున్నాయి. ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు. తనని కూడా ఈ కొట్లో ఎవరూ కూర్చోమనలేదన్న సంగతి అప్పటిదాకా అతనికే తట్టలేదు.

"రోగనిరోధక శక్తి బొత్తిగా తగ్గింది. కూర్చోండి" అని పిన్ని స్టూలు వదిలి లేచింది.

అతను బూట్లు విప్పి కూర్చున్నాడు. ఒక గుక్క తాగాడు. ఏ రుచీ లేదు. ముక్కు దిబ్బడ వల్లేమో అనుకుని రెండో గుక్క తాగాడు. అనుమానం వచ్చి గ్లాసులోకి తొంగి చూస్తే అడుగు స్పష్టంగా కనిపించింది.

"పిన్నిగారూ, ఇవి వేణ్ణీళ్ళు!"

"అల్లం, తులసి అయిపోయి వారమైంది బాబూ."

"మరి వారం నుంచీ వీళ్ళంతా తాగుతున్నారే?"

"తాగుతున్నారు. గుణం కనిపిస్తోందని కూడా అంటున్నారు."

"ఇందులో ఏముందని?"

పిన్ని అతను కూర్చున్న స్టూలు వైపు చూపించింది. "అది ఉంది."

అప్పుడు చూశాడు నిటారు సారు, ఆ గదిలో రెండో స్టూలు లేదని. మిషన్ అంచు పట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ పిన్ని నిలబడి ఉంది. రోజుకి పధ్నాలుగు జలుబులంటే, పధ్నాలుగుసార్లు ఆ మోకాళ్ళ మీద ఇలాగే.

"మరి మీ కాళ్ళు?"

"నావి ముదురు కాళ్ళు బాబూ, అలవాటైపోయాయి. ఇంకా పంతొమ్మిది గుక్కలున్నాయి, కానివ్వండి."

పంతొమ్మిదీ తాగి అతను పైకి వెళ్ళాడు.

"స్టూలు తీయించావా?" అన్నాడు యజమాని.

"లేదండీ. ఆ ఆకుల టీ నిలబడి తాగితే పనిచెయ్యదుట. మోకాళ్ళలోకి దిగుతుందిట."

"ఎవరన్నారు?"

"నేను తాగి చూశాను సార్. 'మా సిబ్బంది కూర్చుని తాగుతారు' అని బోర్డు మీద రాయిస్తే కస్టమర్లు మెచ్చుకుంటారు." చెయ్యి తిరిగిన వైద్యుడిలా అతని చూపు యజమాని పాదాల కోసం వెతికింది. అవి బల్లకింద చల్లగా ఉన్నాయి, కనిపించలేదు.

బోర్డు మాట యజమానికి నచ్చింది. టీ మెషిన్‌తో పాటు మూడు కొత్త స్టూళ్ళు వచ్చాయి. నిటారు సారు ఇప్పటికీ వేలెత్తి "నిటారుగా!" అంటాడు. కాస్త ఆగి, "కూర్చోండి" అని కలుపుతాడు. మొదటి కొత్త స్టూలు వెనక గదిలో పిన్ని పక్కన వేసింది అతనే. ఇక ఎవరు తాగడానికి వచ్చినా ఆవిడ లేవక్కర్లేదు.

కొట్లో ఉన్నవి ఆరు సెక్షన్లు. రెండింటికి అందాయి, నాలుగింటికి లేవు. ఆ నాలుగూ మీ చేతిలో ఉన్నాయి. ఈసారి బట్టలకి వెళ్ళినప్పుడు అంచు నలిపి చూసేముందు, వాటిని విప్పి చూపిస్తున్న మనిషి పాదాలు ఒకసారి చూడండి. మేనేజరుని పిలిచి, "మీవాళ్ళు ఎక్కడ కూర్చుంటారండీ?" అని నలుగురూ వినేలా అడగండి. మీకెందుకండీ అని అతను కసిరితే, కళ్ళజోడు లేకపోయినా జార్చినట్టు నటించి అతని బూట్ల వంక ఓ క్షణం చూడండి. ఏం చెప్పాలో మీకు తెలుసు.