నీలం టేపు ఛాయాదేవి గారు

భూగోళాన్ని ఒక్క అంగుళం పక్కకు జరపమని దేవుడు స్వయంగా దిగివచ్చి అడిగినా, ఛాయాదేవి గారు ముందు దాని చుట్టూ చాక్‌పీసుతో గీత గీసి, నీలం టేపు మీద నంబరు వేసి అతికించి, నాలుగు వైపులా ఫొటోలు తీసుకుని, అప్పుడు గానీ జరపనివ్వరు. దేవుడు తొందరపెడితే ఆయనకూ ఒక నంబరు పడుతుంది.

ఆవిడ గుంటూరు మనిషి. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. చిన్నప్పుడు స్కూలువాళ్లు అమరావతి తీసుకెళ్తే, స్తూపం ఉండాల్సిన చోట దిబ్బ చూసి, "రాళ్లేవండీ?" అని అడిగారట. కొన్ని మద్రాసులో, కొన్ని లండన్‌లో ఉన్నాయన్నారు మాస్టారు. ఏ రాయి ఎక్కడ నిలబడేదని అడిగితే, తవ్వించిన దొరలు చాలావాటికి ఆ సంగతి రాసుకోలేదన్నారు. పట్టుకుపోవడం ఒక దొంగతనం, ఎక్కణ్ణించి పీకారో రాయకపోవడం అంతకన్నా పెద్ద దొంగతనమని ఆవిడ తీర్పు. ఆనాటి కోపం ఇప్పటికీ దిగలేదు. దొరలందరూ ఏనాడో పోయారు కాబట్టి అది ఇర్వింగ్ తెలుగువాళ్ల మీద పడుతూ ఉంటుంది.

ఒకసారి తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో పై ఫ్లాట్ లోకేష్ పులిహోర ట్రే కాస్త పక్కకు నెట్టాడు.

"ఎవరు జరిపారు ఇది?"

"నేనే అక్కా. బిర్యానీకి జాగ లేకుండె."

"ఎక్కడుండేదో గుర్తు పెట్టావా?"

"పులిహోరకా?"

"నవ్వు నాయనా. అమరావతి రాళ్లు జరిపించిన దొర కూడా ఇలాగే నవ్వుంటాడు."

ఆ దెబ్బకు బిర్యానీ చల్లారింది. ట్రే యథాస్థానానికి చేరాక గానీ ఎవరికీ ప్లేటు అందలేదు. లోకేష్ మాత్రం వరంగల్ కోటను తానే పడగొట్టినంత అపరాధ భావంతో పెరుగన్నం తిని ఇంటికెళ్లాడు.

అలాంటి లోకేష్ ఉద్యోగం పోయింది. వీసా గడువు కరిగిపోతుండగా, దేవుడి దయవల్ల జెర్సీ సిటీలో ఇంకొకటి దొరికింది. వెంటనే జాయిన్ అవ్వాలి. మర్నాడు పొద్దున్నే సామాన్ల ట్రక్ వస్తుందనగా ఆరేళ్ల కూతురు రిషిత మంచం కిందికి దూరింది.

"నేను రాను. నా రూమ్ ఇక్కడే ఉంటది," అంది లోపల్నించి.

భార్య నమ్రత బతిమాలింది. లోకేష్ ఐస్‌క్రీమ్ ఆశ పెట్టాడు, తర్వాత కోప్పడ్డాడు. పిల్ల మధ్యాహ్నం నుంచీ మెతుకు ముట్టలేదు. సరిగ్గా అప్పుడే ఛాయాదేవి గారు నీలం టేపుతో ప్రవేశించారు. లోకేష్‌కు ఒళ్లు మండింది.

"అక్కా, నీకు దండం పెడతా. ఇయ్యాల కాదు. మూడు గదులు ప్యాక్ చెయ్యాలె."

"మీ హాలూ వంటిల్లూ దొరల్లాగే సర్దుకోండి, నాకనవసరం. నేను ఈ గదికొచ్చాను."

మంచం పక్కనున్న దీపానికీ గోడకీ మధ్య దూరం కొలిచారు. పైకప్పుకు అంటించిన రేడియం నక్షత్రాలకు నంబర్లు వేశారు. గోడ మీద పిల్ల గీసిన ఊదారంగు ఆక్టోపస్‌ను నమ్రత తుడవబోతుంటే చెయ్యి పట్టుకున్నారు.

"ఆగమ్మా. శిల్పాన్ని సబ్బుతో కడుగుతావా?"

దాని మీద పల్చటి కాగితం పెట్టి, కాలు కాలూ దింపుకున్నారు. ఆ తర్వాత వంగి, మంచం కింద నుంచి బయటికొచ్చిన చిన్న పాదానికి టేపు ముక్క అతికించారు.

"ఈ విగ్రహం ఇక్కడే దొరికింది. దీన్ని కూడా తీసుకెళ్లాలి, లేకపోతే సెట్ పాడైపోతుంది."

"ఐ యామ్ నాట్ ఎ విగ్రహం, ఆంటీ."

"అయితే వచ్చి చెప్పు, ఈ ఎలుగుబంటి బొమ్మ ఎటు చూస్తూ కూర్చునేది?"

పిల్ల పాక్కుంటూ వచ్చి చెప్పింది. చెబుతూ చెబుతూ అన్నం తింది.

ట్రక్ జెర్సీ సిటీ చేరిన రోజున తలుపు తీసిన లోకేష్ నోరు తెరిచాడు. గుమ్మంలో ఛాయాదేవి గారు, చేతిలో సూట్‌కేసు.

"ఆఫీసు లేదా అక్కా?"

"లీవు పెట్టాను. తవ్వడం ఎవడైనా తవ్వుతాడు. మళ్లీ పెట్టేవాడు కావద్దూ?"

నమ్రత పిల్లను కింద పార్కుకు తీసుకెళ్లింది. లోకేష్ కూలీ అయ్యాడు. నిచ్చెనెక్కి నక్షత్రాలు అంటించాడు, తిట్లు తిన్నాడు, పీకి మళ్లీ అంటించాడు.

"ఎవరో దొరలు తప్పు చేస్తే నాకెందుకు అక్కా శిక్ష?"

"వాళ్లు పోయారు. నువ్వున్నావు. ఆ నక్షత్రం ఎడమకి."

సాయంత్రం రిషిత వచ్చి గుమ్మంలో ఆగింది. కాగితం మీంచి మళ్లీ గోడకు దింపిన ఆక్టోపస్‌ను చూసింది. మంచమెక్కి బోర్లా పడుకుని, తల తిప్పకుండానే చెయ్యి చాపింది. దీపం స్విచ్ వేలికి తగిలింది. వేసింది, ఆర్పింది, మళ్లీ వేసింది.

"ఓకే," అంది.

లోకేష్ కళ్లు తుడుచుకుంటూ ఇర్వింగ్ పొరుగువాళ్లకు ఫోన్‌లో గొప్పలు మొదలుపెట్టాడు. "మా అక్క సగం అమెరికా దాటొచ్చి, ఇర్వింగ్ గదిని మిల్లీమీటర్ తేడా లేకుండా ఇక్కడ నిలబెట్టింది."

ఛాయాదేవి గారు చాక్‌పీసు చేతులు దులుపుకున్నారు.

"తేడా ఉంది. గోడకి హీటర్ అడ్డమొచ్చి మంచం రెండంగుళాలు ఇటు జరిగింది. మంచం వెనకాల రాసి పెట్టాను."